అప్‌డేట్: అమ్మకి డి-డైమర్ 610 వచ్చిందని అడిగాను కదా

పోయినసారి అడిగింది ఇదీ: అమ్మకి 68 ఏళ్లు, ఊపిరి పీలిస్తే కుడి పక్క పొడిచినట్టు నొప్పి, కొంచెం ఆయాసం. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమోనని డి-డైమర్ అనే రక్త పరీక్ష చేయిస్తే 610. పక్కనే లావు అక్షరాల్లో ‘హై’. సీటీ స్కాన్ తీయించాలా అని అడిగాను.

తీయించలేదు. సూర్యారావుపేటలో చూపించాం. డాక్టర్ గారు రిపోర్టు పక్కన పెట్టి, కాళ్లలో రక్తం గడ్డ ఉందేమోనని ముందు అమ్మ పిక్కలు రెండూ నొక్కి చూశారు. వాపు లేదు. నాడి వంద లోపే. ఈమధ్య ఆపరేషన్, మంచం పట్టడం, క్యాన్సర్, దగ్గులో రక్తం, పాత రక్తం గడ్డలు ఏవీ లేవు. అనుమానం తక్కువే అని తేల్చుకున్నాకే అంకె చూశారు. అలాంటప్పుడు యాభై దాటినవాళ్లకి హద్దు 500 కాదట, వయసుని పదితో హెచ్చవేయాలి. అమ్మకి 680. 610 దాని లోపే.

అంకె పక్కన ఉండే యూనిట్లు (కొలత) కూడా చూశారు, ఎఫ్‌ఈయూ. కొన్ని ల్యాబులు డీడీయూ అనే వేరే యూనిట్లలో ఇస్తాయి, అందులో అంకె దాదాపు సగమే వస్తుంది, ఈ లెక్క పనికిరాదు. దయచేసి మీరూ ఆ చిన్న అక్షరాలు చూడండి.

అనుమానం బలంగా ఉన్నవాళ్లకి మాత్రం డి-డైమర్ మామూలుగా వచ్చినా సరిపోదు, నేరుగా సీటీయే.

అమ్మకి క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) కాస్త ఎక్కువ, అందుకే సీటీకి ఎక్కించే డై తప్పడం నాకు పెద్ద ఊరట. గుండెకి చేసిన ఈసీజీ, ట్రోపోనిన్ రక్త పరీక్ష బాగున్నాయి. పక్కటెముక మీద వేలితో నొక్కితే అదే నొప్పి. కండరం పట్టేసిందన్నారు. ఆయాసం పెరిగినా, కాలు వాచినా వెంటనే రమ్మన్నారు. ఇప్పుడు తగ్గింది. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి.