పాపకి రెండు ఆఫర్లు: యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సా, డిగ్రీ అప్రెంటిస్‌షిప్పా?

రెడింగ్ నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇయర్ 13, అంటే స్కూల్లో చివరి ఏడాది, మన ఇంటర్ లాంటి ఎ లెవెల్స్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ చేస్తోంది. మంచి పేరున్న యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఆఫర్ వచ్చింది. ఒక పెద్ద బ్యాంకు టెక్నాలజీ విభాగం నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్ కూడా వచ్చింది. అంటే నాలుగేళ్లు ఉద్యోగం, నెలనెలా జీతం, పక్కనే చదువు, చివర్లో బీఎస్సీ. పాప రెండోదే కావాలంటోంది. నాకూ వాళ్లమ్మకీ మనసొప్పట్లేదు. గుంటూరులో మా నాన్నగారికి చెబితే "ఇంత చదివించి పద్దెనిమిదేళ్లకే పనిలో పెడతావా" అని బాధపడ్డారు. సాఫ్ట్‌వేర్‌లో ఎదగడానికి ఏది మేలు? తెలిసినవాళ్లు చెప్పండి.

స్లౌ డెవలపర్:
అన్నా, సందేహం లేకుండా యూనివర్సిటీ. కోడ్ రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్‌లు వస్తుంటాయి, పోతుంటాయి, చివరికి మిగిలేది ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, అల్గారిథమ్స్, వాటి వెనకున్న మ్యాథ్స్. వాటిని తీరిగ్గా నేర్చుకునే టైం మళ్లీ దొరకదు, ఉద్యోగంలో పడ్డాక అసలే దొరకదు. అప్రెంటిస్‌కి ఆ బ్యాంకు వాడే టూల్సే లోకం అయిపోతాయి. రేపు మెషీన్ లెర్నింగ్‌లో రీసెర్చ్ చేస్తానంటే ఏం చేస్తారు? పైగా తోటి పిల్లలంతా వేసవి సెలవుల్లో ఉంటే తను ఆఫీసుకెళ్లాలి. డబ్బు కోసం ఆ వయసుని వదులుకోనివ్వకండి.

మాంచెస్టర్ అప్రెంటిస్:
అంకుల్, నేను ఇప్పుడు ఇదే చేస్తున్నా, మూడో ఏడాది. వచ్చేది తక్కువ రకం డిగ్రీ అనుకోకండి. మాది డిజిటల్ అండ్ టెక్నాలజీ సొల్యూషన్స్, లెవెల్ 6 (అంటే డిగ్రీ స్థాయి), యూనివర్సిటీయే ఇచ్చే బీఎస్సీ ఆనర్స్. తర్వాత మాస్టర్స్‌కి అప్లై చేసుకోవచ్చు. చదువుకునే టైం కూడా జీతం వచ్చే పని గంటల్లోంచే ఇవ్వాలని రూల్ ఉంది, మాకు వారంలో ఒక రోజు ఇస్తారు. కానీ స్లౌ అన్న చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఆ ఒక్క రోజు క్లాసులకే సరిపోతుంది, అసైన్‌మెంట్లన్నీ రాత్రిళ్లూ శనివారాలూ చేసుకోవాల్సిందే, ఆఫీసులో కొత్త వెర్షన్ రిలీజ్ ఉన్న వారమే డెడ్‌లైన్ కూడా పడితే టెన్షన్ మామూలుగా ఉండదు. కంపైలర్స్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాములు) సబ్జెక్టు మా కోర్సులో లేదు, సొంతంగా చదువుకుంటున్నా. అయినా మళ్లీ అడిగితే ఇదే తీసుకుంటా, ఎందుకంటే ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్‌ని పాడవకుండా మార్చడం, సర్వీస్ ఆగిపోతే ముందు ఏ లాగ్ (సిస్టమ్ రాసుకునే రికార్డు) చూడాలో తెలియడం, ఇవి క్లాసులో కూర్చుంటే నాకు వచ్చేవి కావు.

మిల్టన్ కీన్స్ అక్క:
మా టీమ్‌కి జూనియర్లని ఇంటర్వ్యూ చేసేది నేనే, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

డబ్బు సంగతి స్లౌ తమ్ముడు తేలిగ్గా తీసేశాడు. ఇంగ్లండ్‌లో 2025-26 ట్యూషన్ ఏడాదికి 9,535 పౌండ్లు, అంటే మూడేళ్లకి 28 వేలు దాటుతుంది, ఉండటానికీ తిండికీ తీసుకునే మెయింటెనెన్స్ లోన్ దీనికి అదనం. ఇప్పుడు చేరేవాళ్లకి వర్తించే ప్లాన్ 5 అనే స్టూడెంట్ లోన్ తిరిగి కట్టే పద్ధతి ప్రకారం ఏడాదికి 25,000 దాటిన సంపాదన మీద 9 శాతం కడుతూ పోవాలి, తీరకపోతే 40 ఏళ్ల దాకా. 40,000 జీతమైతే ఏడాదికి 1,350 పౌండ్లు. అప్రెంటిస్‌కి ఈ ట్యూషన్ బరువు లేదు. జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీలు 2017 నుంచి 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ (ఒక రకం పన్ను) కడుతున్నాయి, ఫీజు అందులోంచి వెళ్తుంది. మధ్యలో మానేసినా శిక్షణ ఖర్చు పిల్లల దగ్గర వసూలు చేయడానికి ప్రభుత్వ ఫండింగ్ రూల్స్ ఒప్పుకోవు.

అయినా నేను డబ్బుని బట్టి తేల్చను. అప్రెంటిస్‌షిప్ మంచిదా అని కాదు, ఈ బ్యాంకులో ఈ అప్రెంటిస్‌షిప్ ఎలాంటిదో అడగండి. కొన్నిచోట్ల ఆరునెలలకోసారి ఇంజినీరింగ్ టీమ్‌లు మారుస్తూ నిజమైన పని ఇస్తారు, కొన్నిచోట్ల నాలుగేళ్లూ సపోర్ట్ టికెట్లు (వాడేవాళ్ల ఫిర్యాదులు) మూసే పనే. రెండో రకమైతే కళ్లు మూసుకుని యూనివర్సిటీకి పంపండి. పాపకి మ్యాథ్స్ అంటే ప్రాణమై, చేతిలో ఉన్నది కేంబ్రిడ్జ్, ఇంపీరియల్ లాంటి సీటైతే అప్పుడూ అంతే. ఇవి రెండూ కాకపోతే నా ఓటు అప్రెంటిస్‌షిప్‌కే, ఎందుకంటే ఇప్పుడు జూనియర్ ఉద్యోగాల కోసం పిల్లలు పడుతున్న తిప్పలు రోజూ చూస్తున్నా. మంచి మార్కులతో వచ్చి కూడా నెలల తరబడి అప్లికేషన్లు పెట్టుకుంటున్నారు.

స్లౌ డెవలపర్:
సరే అక్కా, మరి ఆ బ్యాంకే రెండో ఏడాదిలో ఉద్యోగాలు తీసేస్తే? యూనివర్సిటీ అయితే ఇలా మధ్యలో బయటికి పంపదు కదా.

మాంచెస్టర్ అప్రెంటిస్:
అది నిజమైన రిస్కే అన్నా. కోర్సు 75 శాతం అయిపోయినా, ఆరు నెలల లోపే మిగిలినా చదువు పూర్తయ్యేదాకా ఫండింగ్ ఆగదు. అంతకుముందే తీసేస్తే 12 వారాలు ఇస్తారు, ఆలోపు ఇంకో కంపెనీ వెతుక్కోవాలి. రెండో ఏడాదిలో అది చాలా కష్టం.

హైదరాబాద్ నుంచి:
మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. వాడు అక్కడికొచ్చి ఇది చేయొచ్చా అండి?

మిల్టన్ కీన్స్ అక్క:
కుదరదండి. స్టూడెంట్ వీసా మీద అప్రెంటిస్‌షిప్ చేయనివ్వరు, మామూలుగా మూడేళ్లు ఇక్కడే నివాసం ఉండాలి కూడా. ఇంటర్ తర్వాత ఉద్యోగంతోపాటు చదువే కావాలంటే మన దగ్గర హెచ్‌సీఎల్ టెక్‌బీ లాంటివి ఉన్నాయి. కానీ మొదటి జీతం, అగ్రిమెంటులో షరతులు, డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తుందో అన్నీ కాగితం మీద చూశాకే సంతకం పెట్టించండి.

లెస్టర్ అమ్మ:
మధ్య దారి ఒకటుంది, ఎవరూ చెప్పట్లేదు. మావాడు ప్లేస్‌మెంట్ ఇయర్ ఉన్న నాలుగేళ్ల కోర్సు తీసుకున్నాడు, మూడో ఏడాదంతా కంపెనీలో జీతంతో పని. ఆ ఏడాది ట్యూషన్ మామూలు దాంట్లో ఐదో వంతుకి మించకూడదు. కాకపోతే ఆ ప్లేస్‌మెంట్ సంపాదించుకునే బాధ్యత పిల్లలదే, దొరకనివాళ్లు మామూలుగా మూడేళ్లలో ముగించేస్తారు.

రెడింగ్ నాన్న:
అందరికీ చాలా థాంక్స్. సీటు మరీ కేంబ్రిడ్జ్ స్థాయిది కాదు. టీమ్‌లు మారుస్తారో లేదో మేము అడగనే లేదు. పాప చేత ఇంకేం అడిగించమంటారు?

మాంచెస్టర్ అప్రెంటిస్:
అంకుల్, ముందు చేరిన బ్యాచ్‌లో ఎంతమంది పూర్తిచేశారు, వాళ్లు ఇప్పుడు ఏ టీమ్‌లో ఉన్నారు, ఈ రెండూ అడగమనండి. వీలైతే రెండో ఏడాది అప్రెంటిస్‌తో మేనేజర్ లేకుండా ఓ అరగంట మాట్లాడించమని అడగాలి. దానికి వాళ్లు వెనకాడితే యూనివర్సిటీ సీటు వదులుకోవద్దు. అసలు ఆగస్టులో రిజల్ట్స్ వచ్చేదాకా రెండూ చేతిలో ఉంచుకోవచ్చు, తొందరపడి యూకాస్‌లో (యూనివర్సిటీ అప్లికేషన్లు చూసే సంస్థ) ఆ యూనివర్సిటీ ఆఫర్‌ని డిక్లైన్ చేయించకండి.