బజ్‌కాక్స్: అప్పు చేసి వేసిన రికార్డు నుంచి చార్టుల దాకా

కసెట్‌పెట్టె:
పవర్ పాప్ (గిటార్ల జోరు మీద నడిచే తియ్యటి పాప్) గురించి ఎక్కడ చదివినా ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్ పేరు తగులుతోంది. వాళ్లని పంక్ (వేగంగా, మొరటుగా సాగే రాక్) కింద కదా లెక్కేస్తారు? ఇంకో రెండు సందేహాలు. కంపెనీ అండ లేకుండా మొదటి రికార్డు ఎలా వేశారు? గిటార్లలో ఆ జుయ్‌మనే మోత ఎలా తెచ్చారు? అదే వాయించబోతే ఒట్టి రొద అవుతోంది.

మూడోతీగ:
ముందు డబ్బు సంగతి. 500 పౌండ్లు చేబదులు తెచ్చారు, అందులో గిటారిస్టు పీట్ షెల్లీ వాళ్ల నాన్న కూడా కొంత సర్దాడు. 1976 డిసెంబర్ 28న ఇండిగో స్టూడియోలో నాలుగు పాటలు కొట్టేశారు. రికార్డింగ్ మూడు గంటలు, మిక్సింగ్ రెండు. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్, తర్వాత జాయ్ డివిజన్ బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్నవాడు. అట్ట మీద బొమ్మ మేనేజర్ రిచర్డ్ బూన్ పోలరాయిడ్ కెమెరాతో తీసిన ఫొటో. ఏ పాట ఎన్నో టేక్, దాని మీద తర్వాత ఏం కలిపి రికార్డు చేశారో కూడా అట్ట మీదే అచ్చేశారు. రికార్డు తయారీలో దాచేదేం లేదు, మీరూ చేసుకోవచ్చు అన్నట్టు.

ఆ నాలుగు పాటల రికార్డు పేరు 'స్పైరల్ స్క్రాచ్'. 1977 జనవరి 29న సొంత లేబుల్ న్యూ హార్మోన్స్ మీద వచ్చింది. మొదట 1000 కాపీలే. అంటే కాపీకి 50 పెన్స్ పెట్టుబడి. అవి చకచకా అయిపోయాయి, మళ్లీ మళ్లీ వేసి మొత్తం 16,000 దాకా అమ్మారు, మొదట్లో ఎక్కువగా పోస్టులోనే.

అసలు వీళ్ల పని రికార్డుకి ముందే మొదలైంది. 1976 జూన్ 4న లండన్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్‌ని మాంచెస్టర్ లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌కి రప్పించింది షెల్లీ, అప్పటి గాయకుడు హవర్డ్ డివోటోలే. ఆ రోజుకి తమ బ్యాండ్ సిద్ధంగా లేక వాయించలేదు. జూలై 20న అదే హాల్లో ఎక్కారు. ఊళ్లో ఇలాంటి పాటకి వేదిక లేదు, లేబుల్ లేదు. రెండూ వీళ్లే కుదుర్చుకున్నారు.

బీసైడ్:
రొద ఎందుకవుతోందంటే యాంప్‌లో గెయిన్ (ధ్వనిని చీల్చే డిస్టార్షన్‌ని పెంచే మీట) ఎక్కువ పెట్టి ఉంటారు. డిస్టార్షన్ మితిమీరితే కార్డ్‌లో మేజరా మైనరా చెప్పే స్వరం మునిగిపోతుంది. పవర్ పాప్ బతికేది ఆ స్వరం మీదే. గెయిన్ సగానికి దించండి, మిడ్స్ (మధ్య స్థాయి ధ్వని) పెంచండి, కుడిచెయ్యి డౌన్‌స్ట్రోక్‌లే, అంటే పైనుంచి కిందికి మీటులే, వెయ్యాలి. రెండు గిటార్లూ ఒకే చోట ఒకే బార్ కార్డ్ (ఒక వేలితో తీగలన్నీ అదిమి పట్టేది) పట్టొద్దు. ఒకటి కింద కార్డ్ నడిపితే రెండోది పైన చిన్న వరస వాయించాలి.

డివోటో బ్యాండ్ వదిలి వెళ్లిపోయాక షెల్లీ పాడటం మొదలుపెట్టాడు, స్టీవ్ డిగిల్ బాస్ వదిలి గిటార్ పట్టాడు, అప్పుడే ఈ జంట గిటార్ల అల్లిక కుదిరింది. గిటార్ ఖరీదుదే కానక్కర్లేదు. షెల్లీ దగ్గరున్నది పైభాగం విరిగిన చవక స్టార్‌వే గిటార్. 'స్పైరల్ స్క్రాచ్'లోని 'బోర్‌డమ్' పాటలో సోలో అంటే రెండే స్వరాలు, 66 సార్లు. వేళ్ల నైపుణ్యం కాదు, మొండితనం కావాలి.

పంకా, పాపా అంటారా: వేగం పంక్‌ది, కట్టుబడి అరవైల పాప్‌ది. 'ఎవర్ ఫాలెన్ ఇన్ లవ్' వినండి. పాట E మేజర్‌లో ఉన్నా చరణం C షార్ప్ మైనర్ కార్డ్‌తో ఎత్తుకుంటుంది. హుషారుగా పరిగెత్తుతూనే గుండె బరువెక్కడం అందుకే. షెల్లీ పాటల్లో 'ఆమె', 'అతడు' దాదాపు కనబడరు, నేను-నువ్వు మాత్రమే. మన 'వచ్చాను, వచ్చావు'లో కూడా లింగం తెలియదు కాబట్టి తెలుగులోకి తెస్తే పాడేది ఆడో మగో అన్న గుట్టు చెడదు. క్రియలోనే లింగం తెలిసే హిందీలో కష్టం.

పాతసరుకు:
పైవన్నీ సరే, చార్టుల సంగతి ఎవరూ చెప్పలేదు. యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే పెద్ద కంపెనీతో సంతకం 1977 ఆగస్టు 16న, ఎల్విస్ ప్రెస్లీ పోయిన రోజు. ఆ కంపెనీ మీద వచ్చిన మొదటి సింగిల్‌ని బీబీసీ వెయ్యనంది. బ్రిటన్ చార్టులో 'వాట్ డూ ఐ గెట్?' 37వ స్థానానికి, 'ఎవర్ ఫాలెన్ ఇన్ లవ్' 1978లో 12కి చేరాయి. అదే పాట తర్వాత ఫైన్ యంగ్ కానిబల్స్ అనే ఇంకో బ్యాండ్ పాడితే 9! అసలువాళ్లకి టాప్ టెన్ అందనేలేదు.

1979 తర్వాత దారి తప్పింది. యునైటెడ్ ఆర్టిస్ట్స్ ఈఎంఐలో కలిసింది, నాలుగో ఆల్బమ్‌కి అడ్వాన్స్ రాలేదు, 1981లో షెల్లీ విడిపోయి తమ ప్రొడ్యూసర్ మార్టిన్ రషెంట్‌తో సోలో మొదలుపెట్టాడు. 1989లో మళ్లీ కలిశారు. 2018 డిసెంబర్ 6న షెల్లీ ఎస్తోనియాలో చనిపోయాడు.

వినడం 'సింగిల్స్ గోయింగ్ స్టెడీ' అనే సంకలనంతో మొదలుపెట్టండి: ఒకవైపు ఎనిమిది సింగిల్స్ ముఖ్య పాటలు (ఏ-సైడ్లు), రెండోవైపు వాటి వెనకవైపు పాటలు (బీ-సైడ్లు), వచ్చిన వరసలోనే. 'స్పైరల్ స్క్రాచ్' పాత కాపీ కొనేవాళ్లకి ఒక్క జాగ్రత్త: అట్ట మీద 'విత్ హవర్డ్ డివోటో' అని ఉంటే అది 1979లో మళ్లీ వేసిన కాపీ. దానికి 1977 ధర పెట్టకండి.

కసెట్‌పెట్టె:
గెయిన్ తగ్గించి చూశాం అన్నా, కార్డ్ వినపడుతోంది. రెండో గిటార్ వరస ఇంకా కుదరాలి.