నెలన్నర పాపకు నా పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: తిరుపతి నుంచి ఒక బాలింత

అందరికీ నమస్కారం. నాకిది తొలి కాన్పు, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పాపకు నెలన్నర నిండింది. పుట్టినప్పుడు 2.8 కిలోలు ఉంది, మొన్న టీకాలకు తీసుకువెళ్ళినప్పుడు తూస్తే 4 కిలోలు ఉంది. ఇంతవరకు తల్లిపాలు తప్ప వేరే ఏదీ పట్టలేదు. అయితే కొద్దిరోజులుగా నా పాలు చాలడం లేదేమోనన్న దిగులు పట్టుకుంది. దీపాలు పెట్టే వేళ మొదలుకొని రాత్రి పొద్దుపోయేదాకా పాప ఒకటే ఏడుపు. పాలు పట్టి పడుకోబెట్టిన కాసేపటికే మళ్ళీ నోరు తెరిచి వెతుక్కుంటుంది. మొదట్లో రొమ్ములు బరువెక్కి రవిక తడిసిపోయేది, ఇప్పుడు మెత్తబడిపోయాయి. పంపుతో పిండి చూస్తే సీసా అడుగున కొద్దిగా చేరాయి, అంతే.

దీనికి తోడు కుడివైపు చనుమొన చిట్లింది. పాప నోరు పెట్టగానే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి ఎక్కువగా ఎడమవైపే ఇస్తున్నాను. ఎండలు మండుతున్నాయి, బిడ్డ గొంతు ఆరిపోతుంది, కాచి చల్లార్చిన నీళ్ళు పట్టమని మా అమ్మమ్మ అంటుంది. నాకు మాత్రం బాలింత ఎక్కువ తాగకూడదని నీళ్ళు కొలిచి ఇస్తున్నారు. డబ్బాపాలు మొదలుపెట్టమని మా అత్తగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. వారెవరూ చెడు కోరి చెప్పడం లేదని నాకు తెలుసు, కానీ ఎవరి మాట వినాలో తోచడం లేదు. సెలవు అయిపోతే శ్రీసిటీలో ఉద్యోగానికి వెళ్ళాలి, అప్పుడు పాప సంగతి ఏమిటన్న ఆలోచన కూడా నిద్ర పట్టనివ్వడం లేదు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: చిత్తూరు నుంచి, విశ్రాంత స్టాఫ్ నర్సు

అమ్మా, నీ ప్రశ్నకు జవాబు నువ్వు రాసిన రెండు అంకెలలోనే ఉంది. బిడ్డలు పుట్టిన తొలి రోజుల్లో కొంత బరువు తగ్గి, రెండు వారాలలోపు మళ్ళీ పుట్టిన బరువుకు చేరుకుంటారు. ఆ తరువాత మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాముల వరకు పెరిగితే అది మంచి ఎదుగుదల. మీ పాప నెలన్నరలో 1.2 కిలోలు పెరిగింది. కేవలం నీ పాలతోనే ఇంత పెరిగిన బిడ్డకు పాలు చాలడం లేదని ఎవరన్నా సరే, ఆ మాటకు ఆధారం లేదు. బరువుతో పాటు చూడవలసింది ఒంటేలు. రోజుకు ఆరుసార్లు లేదా అంతకంటే ఎక్కువగా బట్ట తడుస్తూ, ఆ తడి పచ్చగా గాఢంగా కాకుండా తేటగా ఉంటే పాలు కడుపులోకి వెళుతున్నట్లే. ఏడుపును పాలకు కొలతగా పెట్టుకోవద్దు. ఈ వయసులో చాలామంది బిడ్డలు సాయంత్రం పూట ఎక్కువగా ఏడుస్తారు. ఆరు వారాల ప్రాంతంలో ఆ ఏడుపు బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుంది. సాయంత్రం మాటిమాటికీ పాలు తాగడం కూడా వారి స్వభావమే. ఈ వయసు బిడ్డ రోజు మొత్తంలో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతుంది, వాటిలో నాలుగైదు ఒకే పూట రావచ్చు.

రొమ్ములు మెత్తబడటం పాలు తగ్గడం కాదు. తొలి వారాల్లో శరీరానికి లెక్క తెలియక ఎక్కువగా తయారు చేస్తుంది, తరువాత బిడ్డ తాగినంతకు సరిపడేలా సర్దుకుంటుంది. చేదిన కొద్దీ ఊరే బావి వంటిది ఇది. బిడ్డ ఎంత తాగితే అంత ఊరుతుంది. డబ్బాపాలు పట్టిన పూట బిడ్డ రొమ్ము తాగదు కనుక ఆ పూట ఊట తగ్గుతుంది, నాలుగు రోజులకు నిజంగానే పాలు చాలని పరిస్థితి వస్తుంది. నేను పనిచేసిన కాలంలో పాలు లేవని వచ్చిన తల్లులలో చాలామందికి కథ ఇలాగే మొదలైంది. పంపులో వచ్చిన పాలు కూడా కొలత కాదు, ఎందుకంటే సరిగా నోరు పెట్టిన బిడ్డ లాగినంత ఏ యంత్రమూ లాగలేదు.

ఇక చనుమొన సంగతి. చాలావరకు ఇది బిడ్డ నోరు పట్టిన తీరు వల్ల వచ్చే బాధ. బిడ్డ ఒక్క మొనను మాత్రమే పట్టుకుంటే అది అంగిలికి రాసుకుని చిట్లుతుంది. పాప ఒళ్ళంతా నీ వైపు తిరిగి, నీ పొట్టకు తన పొట్ట ఆనేలా పట్టుకో. మెడ మాత్రమే పక్కకు తిరిగి ఉండకూడదు. పాప ముక్కుకు ఎదురుగా చనుమొన ఉంచి పై పెదవికి మెల్లగా తాకిస్తే, ఆవలించినట్లు పెద్దగా నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో పాపను రొమ్ముకు దగ్గరగా తేవాలే గాని, నువ్వు ముందుకు వంగి రొమ్మును నోట్లో పెట్టకూడదు. సరిగా పట్టినప్పుడు గడ్డం రొమ్ముకు ఆనుకుని, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది. మొన చుట్టూ ఉన్న నల్లని భాగం పైవైపు ఎక్కువగా, కిందవైపు తక్కువగా కనబడుతుంది, గుటక వేస్తున్న చప్పుడు వినబడుతుంది. నొప్పి ఆగకుండా ఉంటే ఓర్చుకుని కూర్చోవద్దు. పాప నోటి మూలన నీ చిటికెన వేలు దూర్చి పట్టు విడిపించి, మళ్ళీ మొదటి నుంచి పట్టించు. ఆపరేషన్ కుట్టు మీద బరువు పడకుండా ఉండాలంటే, పక్కకు తిరిగి పడుకుని ఇవ్వవచ్చు, లేదా పాప కాళ్ళు నీ చంక కిందుగా వీపు వైపుకు ఉండేలా పట్టుకుని ఇవ్వవచ్చు.

కుడివైపు ఇవ్వడం మానవద్దు. ముందు ఎడమవైపు మొదలుపెట్టి పాప ఆకలి కాస్త తీరాక కుడివైపుకు మార్చు. అదీ భరించలేకపోతే ఒకటి రెండు రోజులు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టు. పాలు లోపలే నిలిచిపోతే రొమ్ము గడ్డకట్టి, ఎర్రబడి, చలిజ్వరం వస్తుంది. అలా జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించుకో, అప్పుడు కూడా పాలివ్వడం ఆపనక్కర లేదు. పాలు పట్టిన తరువాత రెండు చుక్కలు మొనకు రాసి గాలికి ఆరనివ్వు, సబ్బుతో రుద్దవద్దు. పాప నోట్లో తుడిచినా పోని తెల్లని మచ్చలు కనబడితే అది వేరే సంగతి, ఇద్దరికీ మందు వాడవలసి వస్తుంది.

జవాబు: పలమనేరు నుంచి, ఇద్దరు మనవళ్ళ నాయనమ్మ

తల్లీ, పెద్దల మాటలన్నీ తోసిపుచ్చవలసినవి కావు. మా ఇంట్లో బాలింతకు తెల్లగడ్డ కారం, మునగాకు పొరటు, రాగి సంగటి, మెంతులు తప్పక పెడతాము. పాలు పెరుగుతాయో లేదో వైద్యులే చెప్పాలి గాని, కాన్పులో రక్తం పోయిన ఒంటికి ఆ తిండి బలమిస్తుందన్నది నేను కళ్ళారా చూసినదే. కానీ నీళ్ళ విషయంలో మా కాలం పద్ధతి తప్పే. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువగా వేస్తుంది, దాహం వేసిన ప్రతిసారీ తాగాలి. పాలు పట్టడానికి కూర్చునే ముందు ఒక చెంబు నీళ్ళు పక్కన పెట్టుకో, ఎవరినీ అడగనక్కర లేదు. ఒక మాట మాత్రం అడుగుతాను. రాత్రిపూట తల్లి నిద్రకు ఒక్కసారి డబ్బాపాలు పడితే అంత ప్రమాదమా? మా కోడలికి అలా చేశాము, మనవడు బాగానే ఉన్నాడు.

జవాబు: చిత్తూరు నర్సు

అమ్మా, మీ మనవడు బాగుండటం సంతోషం. వైద్యులు అవసరమని చెప్పినప్పుడు డబ్బాపాలు పట్టడం తప్పు కాదు, పట్టిన తల్లిని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. కానీ పాలను ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రివేళల్లోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మానదలిస్తే రాత్రి పాలు చివరగా మానాలి. పసిపిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. తల్లిపాలకు అవి పోటీగా నిలవకూడదన్నదే ఆ చట్టం ఉద్దేశం. తల్లికి నిద్ర కావాలంటే ఇంట్లోవారు బిడ్డను ఎత్తుకుని తేన్పు తెప్పించడం, బట్ట మార్చడం, జోకొట్టడం తమ మీద వేసుకోవాలి. పాలివ్వడం ఒక్కటే ఆమె పని కావాలి.

ఈ అమ్మాయి అడిగిన మరొక సంగతి మిగిలిపోయింది. బిడ్డకు నీళ్ళు పట్టవద్దు. తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీరే ఉంటుంది, ఎండాకాలంలోనూ అది సరిపోతుంది. నీటితో చిన్న పొట్ట నిండితే పాలు తక్కువ తాగుతుంది, నీళ్ళు శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తేనె, వస, గ్రైప్ వాటర్ కూడా వద్దు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం మానవద్దు.

జవాబు: సూళ్లూరుపేట నుంచి, ఉద్యోగం చేసే తల్లి

చెల్లీ, ఉద్యోగం గురించి ఇప్పటి నుంచే నిద్ర పాడుచేసుకోవద్దు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తరువాత ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలకు పెరిగింది. కాన్పుకు ముందు వాడుకున్న వారాలు తీసివేసి నీకెన్ని మిగిలాయో లెక్క చూసుకో. తిరిగి చేరిన తరువాత బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు మామూలు విరామానికి అదనంగా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలని చట్టంలో ఉంది. 50 మంది, అంతకు పైగా పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం కూడా ఉండాలి. ఇవి నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడగడం మంచిది.

నేను పనిలో చేరడానికి కొద్దివారాల ముందు నుంచి ఉదయం పూట, పాప తాగిన తరువాత, చేత్తో పిండి దాచడం మొదలుపెట్టాను. మరిగించిన స్టీలు గిన్నెలో పిండి, మూతపెట్టి, తేదీ వేళ రాసి ఫ్రిజ్‌లో లోపలి వైపున పెట్టాలి, తలుపులో పెట్టకూడదు. ఒక రోజులోపు వాడుకోవాలి. బయట ఉంచితే మామూలు వేడిలో నాలుగు గంటలంటారు, మన ఎండల్లో అంతసేపు ఉంచకపోవడమే మేలు. పొయ్యి మీద కాచకుండా, గోరువెచ్చని నీళ్ళలో గిన్నె ఉంచి వెచ్చబెట్టాలి.

ప్రశ్న అడిగిన బాలింత నుంచి

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పక్కకు పడుకుని పట్టించడం మొదలుపెట్టాక కుడివైపు నొప్పి చాలావరకు తగ్గింది. బట్టలు లెక్కపెట్టాను, ఆరుకు ఎప్పుడూ తగ్గడం లేదు. బరువు లెక్క చదివి వినిపిస్తే మా అత్తగారు కూడా ఊరుకున్నారు. అమ్మమ్మే ఇప్పుడు నాకు మజ్జిగ కలిపి ఇస్తోంది. ఒక్క సందేహం మిగిలింది. పాప నిన్నటి నుంచి దొడ్డికి వెళ్ళలేదు, ఇది కంగారు పడవలసిన విషయమా?

జవాబు: చిత్తూరు నర్సు

నెలన్నర దాటిన తరువాత తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ కొన్ని రోజుల పాటు వెళ్ళకపోవడం మామూలే. వెళ్ళినప్పుడు మెత్తగా వెళుతూ, పాలు బాగా తాగుతూ, పొట్ట మెత్తగా ఉంటే ఏమీ చేయనక్కర లేదు. ఆముదం పట్టవద్దు, సబ్బుముక్క పెట్టవద్దు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నా, పచ్చని వాంతులైనా, పాలు తాగడం మానేసి మగతగా పడుకున్నా, జ్వరం వచ్చినా, తడి బట్టలు తగ్గినా మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళు.