లావోస్ సంతల్లో బేరానికీ డబ్బు లెక్కకూ ఏ మాటలు నేర్చుకోవాలి?

ప్రశ్న: నేతచీర, విజయవాడ

మాకు వన్ టౌన్‌లో చేనేత చీరల దుకాణం ఉంది. లావో నేతపని స్వయంగా చూసి, నచ్చినవి కొన్ని కొనుక్కోవాలన్న కోరికతో అమ్మా నేనూ వియెంటియాన్‌కూ, అక్కడి నుంచి రైలులో లువాంగ్ ప్రబాంగ్‌కూ వెళ్లబోతున్నాము. అమ్మకు ఇంగ్లీషు రాదు గాని, బట్ట పట్టి చూసి ధర తేల్చడంలో ఆమెను మించినవారు మా ఇంట్లో లేరు. బేరం ఆమే ఆడాలి. అందుకు పనికివచ్చే లావో మాటలను తెలుగు లిపిలో రాసి ఇవ్వగలరా? డబ్బు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా చెప్పండి.

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

వస్తువును చూపించి “అన్ నీ థావ్ దై?” అంటే “ఇది ఎంత?” అని అడిగినట్టు. ఆ ప్రశ్న ఒక్క పూటలో నోటికి వస్తుంది. కష్టమంతా జవాబును అర్థం చేసుకోవడంలోనే ఉంది. అందుకే మీ అమ్మగారికి ముందుగా అంకెలు నేర్పండి: నుంగ్, సోంగ్, సామ్, సీ, హా, హోక్, చెత్, పేత్, కావ్, సిప్. ఇవి ఒకటి నుంచి పది వరకు. ఇరవై “సావ్”, వంద “హోయ్”, వెయ్యి “ఫన్”. ఇందులోని “ఫ”ను ఒత్తు ప‌గానే పలకాలి, ఫ్యాను అన్నప్పటిలా కాదు. లక్షకు వాళ్లకు కూడా ఒకే మాట ఉంది, “సేన్”. మిలియన్లతో కుస్తీ పట్టే యాత్రికులకంటే మనకు ఇక్కడ సులువు. పది లక్షలు “లాన్”. ఇరవై అయిదు వేలు “సావ్ హా ఫన్”, లక్షా యాభై వేలు “నుంగ్ సేన్ హా సిప్ ఫన్”.

అమ్మేవారు తరచుగా వేలను మింగేసి, యాభై వేలకు “హా సిప్” అని ఊరుకుంటారు. అది యాభై కిప్ (లావోస్ డబ్బు పేరు కిప్) అనుకోకూడదు. సందేహం వస్తే క్యాలిక్యులేటర్ మీద చూపించమనవచ్చు, సంతలో చాలామంది దగ్గర అది ఉంటుంది.

జవాబు: పటమట, విజయవాడ

పై జవాబులోని అంకెలకు రూపాయల లెక్క జోడిస్తాను. ఇటీవలి మారకం ప్రకారం రూపాయికి దాదాపు 250 కిప్ వస్తున్నాయి కనుక, చెప్పిన ధరలో చివరి మూడు సున్నాలు తీసేసి నాలుగుతో గుణిస్తే రూపాయల్లో రమారమి విలువ తెలుస్తుంది: లక్ష కిప్ అంటే 400 రూపాయలు. బయలుదేరే ముందు ఆ రోజు రేటు తప్పక చూసుకోండి. 2019లో డాలరుకు 9,000 కిప్ లోపే ఉండగా, 2022 తరువాత కిప్ బాగా పడిపోయి డాలరుకు 20,000 దాటింది; కాబట్టి పాత యాత్రా పుస్తకాల్లోని ధరలను నమ్ముకోవద్దు.

రూపాయలు అక్కడ మార్చుకోవచ్చులే అనుకోకుండా, ఇక్కడే అధీకృత మారక సంస్థలో డాలర్లు తీసుకోండి. నోట్ల రూపంలో మనిషికి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు సాధారణంగా అనుమతి ఉంది. మడతలూ రాతలూ లేని నోట్లే అడిగి తీసుకోండి, చినిగినవాటిని అక్కడ తిరస్కరిస్తారు. డబ్బు మార్చుకోవడానికి “లేక్ ఙెన్”, చిల్లరకు “ఙెన్ థోన్”. మనం ఓనమాల్లో దిద్ది వదిలేసిన ఙ అక్షరం ఇక్కడ నిజంగా పనికివస్తుంది.

నాణేలు వాడుకలో లేవు, అన్నీ నోట్లే. రెండు వేల నుంచి లక్ష దాకా నోట్లన్నింటి మీదా లావోస్ మాజీ అధ్యక్షుడు కైసోన్ ఫోమ్విహాన్ బొమ్మే ఉంటుంది కనుక, బొమ్మను కాకుండా సున్నాలను చూసి ఇవ్వండి. థాయ్ బాత్‌లో ధర చెప్పేవారు కూడా ఉంటారు, “కిప్ బో, బాత్ బో?” అని తేల్చుకున్నాకే బేరం మొదలుపెట్టండి.

జవాబు: మగ్గం, మంగళగిరి

బేరానికి “ఫేంగ్ లాయ్” అంటే “చాలా ఖరీదు”, “లుత్ దై బో?” అంటే “తగ్గిస్తారా?” వద్దనుకుంటే “బో అవ్”. అయితే అక్కడ గొంతు పెంచితే బేరం చెడుతుంది. చేతులు జోడించి “సబాయ్ దీ” అని పలకరించి, నవ్వుతూ అడిగి, కుదరకపోతే “ఖోప్ చై” అని ధన్యవాదం చెప్పి ముందుకు సాగడమే మర్యాద. మనకు బోణీ ఎలాగో వాళ్లకు తొలి అమ్మకం అలాగ; ఆ నోట్లతో సరుకును తట్టి శుభం కోరుకునే అమ్మకందారులు లువాంగ్ ప్రబాంగ్ సంతలో కనిపిస్తారు. వీలైతే ఆ వేళకే వెళ్లండి.

పట్టుబట్ట “ఫా మై”, స్త్రీలు కట్టుకునే లుంగీ వంటిది “సిన్”. “మై థే బో?” అంటే “అసలు పట్టేనా?” అని. వియెంటియాన్‌లో తలాత్ సావ్ సంతనూ, లువాంగ్ ప్రబాంగ్ దగ్గరి బాన్ ఫనోమ్ నేతగ్రామాన్నీ చూడండి. నేసినవారి చేతి నుంచే కొనేటప్పుడు చివరి వెయ్యి కిప్ కోసం పట్టుబట్టవద్దని నా మనవి. అది మనకు నాలుగు రూపాయలే.

ప్రశ్న: నేతచీర, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. అమ్మ అప్పుడే “లుత్ దై బో” మొదలుపెట్టింది. కిప్ మిగిలిపోతే ఇక్కడికి వచ్చాక మార్చుకోవచ్చా?

జవాబు: పటమట, విజయవాడ

కిప్‌ను లావోస్ బయట తీసుకునేవారు అరుదు. చివరి రెండు మూడు రోజుల్లో అవసరమైనంతే మార్చుకుంటూ, మిగిలినదాన్ని దేశం దాటకముందే బ్యాంకులో బాత్‌గానో డాలర్లుగానో మార్చుకోండి. మొదట డబ్బు మార్చినప్పుడు ఇచ్చిన రసీదులను అప్పటిదాకా దాచి ఉంచండి.