ఆలోచన తప్పని తెలిసినా బాధ ఎందుకు తగ్గడం లేదు?

గత ఆదివారం అన్నయ్యకు వాట్సాప్‌లో సందేశం పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. గంటలోపే నా మనసు కథ అల్లేసింది: గృహప్రవేశానికి వెళ్లలేదని కోపం, వదిన ఏదో అని ఉంటుంది, ఇక మాట్లాడడు. రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు తనే ఫోన్ చేశాడు. సందేశం తెరిచింది మా మేనల్లుడట, ఆటలాడుకుంటూ!

జరిగింది రెండు టిక్కులే. మిగతాదంతా నేను చేర్చుకున్నది.

1960లలో అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ (బాధపెట్టే ఆలోచనలను రుజువులతో సరిచూసుకునే మానసిక చికిత్స) గురించి చదివి, రెండు నెలలుగా నోటుపుస్తకంలో గడులు గీసి రాస్తున్నాను: జరిగిన సంగతి, వచ్చిన ఆలోచన, బాధ నూటికి ఎంత, అనుకూల రుజువు, వ్యతిరేక రుజువు. (బాధకు మార్కులు వేయడం మొదట్లో నవ్వు తెప్పించింది.) పగలు బాగానే పనిచేస్తుంది. రాత్రిళ్లు మాత్రం రుజువు లేదని నా చేత్తోనే రాస్తాను, అయినా 80 ఉన్న బాధ 70 కంటే కిందికి దిగదు.

ఈ పద్ధతి పాటించినవారు చెప్పగలరా? బాధ ఉధృతంగా ఉన్నప్పుడే రాయాలా, కాస్త చల్లారాకా? రాసింది పదేపదే చదువుకోవడం కూడా మథనపడటమే అవుతుందా? సైకాలజిస్టు దగ్గర నేర్చుకున్నవారుంటే, మొదటి వారాల్లో మీచేత ఏం చేయించారు? ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అనే సలహా మాత్రం వద్దండీ, అది ఇంట్లో రోజూ వింటున్నాను.