గాలి పక్క నుంచి వీస్తే రేకు పైకి ఎందుకు లేచింది?

పెరటిగాలి: రాత్రి ఈదురుగాలికి షెడ్డు మూల రేకు ఎగిరిపోయింది. మధ్య రేకులు చెక్కుచెదరలేదు. మూలన మిగిలిన బోల్టుల చుట్టూ మాత్రం రేకు పేలికలు వేలాడుతున్నాయి. పక్క నుంచి వీచిన గాలి దాన్ని పైకెలా లేపింది? ఎవరికైనా ఇలా జరిగిందా?

పదహారు చక్రాలు: లారీ మీది టార్పాలిన్‌ది కూడా ఇదే కథ. బండి ఆగి ఉంటే సరుకు మీద ముడతలు పడి ఉంటుంది. వేగం అందుకోగానే బూరెలా ఉబ్బి తాళ్లను లాగుతుంది. కింద గాలి కదలడం లేదు, పైన పరుగెడుతోంది.

సుద్దముక్క: అదే బెర్నౌలీ సూత్రం, 1738 నాటిది. విమానం రెక్క కూడా ఇంతే. పైవైపు దూరం ఎక్కువ, కింది గాలితో పాటే చివరకు చేరాలి కాబట్టి పైగాలి వేగంగా వెళుతుంది, పీడనం తగ్గుతుంది.

ఎదురుగాలి: మాస్టారూ, సూత్రం సరే, ఆ "పాటే చేరాలి" అన్నదే తప్పు. విడిపోయిన గాలి మళ్లీ కలుసుకోవాలని ఒప్పందమేమీ లేదు. గాలి సొరంగంలో పొగ వదిలి చూస్తే పైగాలి ముందే చేరిపోతుంది. రెక్క గాలిని కిందికి వంచుతుంది. వంపు తిరిగే గాలిలో లోపలివైపు పీడనం తక్కువ. వేగం పెరిగేది ఆ పీడనం తేడా వల్లే. కాగితాన్ని నిటారుగా వేలాడదీసి, ఒక పక్కనే పై నుంచి కిందికి ఊది చూడండి. వేగంగా వెళ్లే గాలి ఎప్పుడూ లాగుతుందనుకుంటే అది ఆ వైపు రావాలి, కానీ దాదాపు కదలదు. వంచి పట్టుకుని వంపు మీదుగా ఊదితే లేస్తుంది.

సుద్దముక్క: ఇప్పుడే ఊదాను. నిజమే. ఇన్నేళ్లు పిల్లలకు తప్పు చెప్పానన్నమాట!

రేకుల పని: షెడ్డు సంగతికి వద్దాం. గాలి గోడను కొట్టి పైకి మళ్లుతుంది, చూరు అంచు దాటగానే కప్పును వదిలేసి ఎగురుతుంది. అంచు వెనక సుళ్లు తిరుగుతాయి, అక్కడే పీడనం బాగా పడిపోతుంది. మూలల్లో మరీ ఎక్కువ. అందుకే నేను అంచుల్లో, మూలల్లో బోల్టులు దగ్గర దగ్గరగా వేస్తాను. గంటకు 72 కిలోమీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 24.5 కిలోల బరువుతో సమానం. వేగం రెట్టింపైతే నాలుగింతలు, అంటే 98 దాకా. మూలల్లో లాగుడు దీన్ని కూడా మించగలదు. ఇంతకీ రాత్రి షెడ్డు తలుపు మూశారా?

పెరటిగాలి: లేదండీ, బార్లా తెరిచే ఉంది. గాలి వచ్చింది కూడా అటు నుంచే.

రేకుల పని: వెనక కిటికీ?

పెరటిగాలి: వాన కొడుతుందని మూసేశాను.

రేకుల పని: అయితే లోపలికి దూరిన గాలికి బయటికి దారి లేదు. పై నుంచి లాగుడు, కింది నుంచి నెట్టుడు. కొత్త రేకు వేసేటప్పుడు బోల్టుల కింద వెడల్పాటి వాషర్లు వేయించండి.