ఓపెన్ సోర్స్ వెబ్ ఫ్రేమ్‌వర్క్: పాత వెర్షన్లకు ఎన్నాళ్లు సపోర్ట్ ఇవ్వాలి?

శ్రీను_మాదాపూర్
మేం నలుగురం ఉద్యోగాలు చేసుకుంటూనే ఒక చిన్న పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రెడీమేడ్ కోడ్) నడుపుతున్నాం. ఈ మధ్య హైటెక్ సిటీలో ఒకట్రెండు కంపెనీలు కూడా వాడటం మొదలుపెట్టాయి. అప్పట్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న, ఈ వెర్షన్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎప్పటిదాకా ఇస్తారు అని. మా 2.0 వెర్షన్ వదిలే లోపే ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) పెట్టాలా వద్దా? వాడేవాళ్లూ చెప్పండి, ప్రాజెక్టులు నడిపేవాళ్లూ చెప్పండి.

గచ్చిబౌలి_బ్యాకెండ్
వాడేవాడిగా చెప్తాను. మా దగ్గర ఎల్‌టీఎస్ కాకపోతే ప్రొడక్షన్‌లోకి రానివ్వరు. అందుకే జాంగోలో (ఇదీ పైథాన్ ఫ్రేమ్‌వర్కే) 3.2 (2021), 4.2 (2023), 5.2 (2025) ఇలా మారుతూ వచ్చాం. రెండేళ్లకో ఎల్‌టీఎస్, ఒక్కోదానికి మూడేళ్ల సపోర్ట్ కాబట్టి పాతదీ కొత్తదీ రెండూ నడిచే ఏడాది ఒకటి మిగులుతుంది. క్లయింట్ టెస్టింగ్, ఆడిట్, అప్రూవల్ అన్నీ అందులోనే అవ్వాలి. పేరు ఏదైనా పెట్టండి గానీ, ఆ గ్యాప్ మాత్రం ఉంచండి.

కూకట్‌పల్లి_పీహెచ్‌పీ
అన్నా, నలుగురితో మూడేళ్లంటే చాలా కష్టం. ఒక్క సెక్యూరిటీ బగ్ బయటపడితే మెయిన్‌లో (కొత్త కోడ్ రాసే చోట), ఇప్పటి రిలీజ్‌లో, బతికున్న ప్రతి ఎల్‌టీఎస్‌లో ఫిక్స్ పెట్టాలి, పాత బ్రాంచ్‌లో (ఆ వెర్షన్ కోడ్ కాపీలో) ఆ ఫైలే వేరుగా ఉంటుంది, చెర్రీ-పిక్ చేస్తే (ఆ ఒక్క మార్పునే అక్కడికి తెస్తే) కాన్‌ఫ్లిక్టులు, చివరికి చేత్తో మళ్లీ రాయాల్సిందే. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్ వాళ్లు 2019లో వచ్చిన వెర్షన్ 6 తర్వాత ఎల్‌టీఎస్ అనేదే మానేశారు. 2022లో వచ్చిన 9 నుంచి ఏడాదికో మేజర్ వెర్షన్, అన్నింటికీ 18 నెలలు బగ్ ఫిక్స్‌లు, రెండేళ్లు సెక్యూరిటీ. చిన్న టీమ్‌కి ఇదే నయం.

అమీర్‌పేట_ట్రైనర్
ఎన్నేళ్లు అన్నదానికన్నా, దేన్నైనా తీసేసే ముందు ఎంత గట్టిగా చెప్తున్నారన్నది ముఖ్యం అండీ. జాంగోలో లాగౌట్‌కి మామూలు లింక్ పెట్టేవాళ్లం కదా, ఆ గెట్ రిక్వెస్ట్ (లింక్ నొక్కితే వెళ్లేది) పద్ధతి వద్దని 4.1లో వార్నింగ్ పెట్టారు, 5.0లో తీసేశారు. ఇప్పుడు బటన్ నొక్కి పంపే పోస్ట్ ఫామ్ ఉండాలి, లేదంటే 405 ఎర్రర్ వస్తుంది. వార్నింగ్ ఉన్నా చాలామందికి కనపడదు, ఎందుకంటే పైథాన్ అలాంటివి మామూలుగా దాచేస్తుంది, టెస్టులు రన్ చేసేటప్పుడు -Wa అనే ఆప్షన్ ఇస్తేనే అన్నీ బయటికొస్తాయి. నా స్టూడెంట్స్‌కి మొదటి వారంలోనే ఇది అలవాటు చేయిస్తాను. మీ అప్‌గ్రేడ్ గైడ్‌లో ఈ కమాండ్ అన్నిటికన్నా పైన పెట్టండి. ఒక మేజర్ వెర్షన్ మొత్తం వార్నింగ్‌తో నడిచాకే తీసేయండి.

నోడ్_నల్లగండ్ల
గడువు మన చేతిలోనే ఉంటుందనుకోవద్దు. జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే నోడ్ 16కి 2024 ఏప్రిల్ దాకా సపోర్ట్ అన్నారు, కానీ అది ఆధారపడిన ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 గడువు ముందే అయిపోతోందని 2023 సెప్టెంబర్ 11కే ముగించారు. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబర్‌లో వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లు. ముందు ఆ క్యాలెండర్ తీసి, దాని మీద మీ తేదీలు వేసుకోండి.

శ్రీను_మాదాపూర్
అందరికీ థాంక్స్. ఇలా అనుకుంటున్నాం: ఏడాదికో మేజర్ రిలీజ్, రెండేళ్లు సెక్యూరిటీ, అంటే ఎప్పుడూ రెండు బ్రాంచ్‌లే. ముగింపు తేదీ రిలీజ్ రోజునే ప్రకటిస్తాం. రిలీజ్ ఏప్రిల్‌లో పెడితే?

గచ్చిబౌలి_బ్యాకెండ్
ఏప్రిల్ వద్దు బ్రదర్, రిలీజ్ ఏప్రిల్‌లో అయితే పాతదాని గడువు కూడా ఏప్రిల్‌లోనే పడుతుంది. జాంగో ఎల్‌టీఎస్‌ల గడువులు ఏప్రిల్‌లోనే, 3.2ది 2024లో, 4.2ది 2026లో. మన దగ్గర మార్చిలో ఇయర్ ఎండింగ్ అని ఫైనాన్స్ క్లయింట్లు ఏ డిప్లాయ్‌మెంటూ చేయనివ్వరు, కాబట్టి జనవరిలో సంక్రాంతి సెలవులయ్యాక ఫిబ్రవరి ఒక్కటే మిగులుతుంది, టీమంతా టెన్షన్‌లో పడుతుంది. జూన్ చివర్లో పెట్టండి, రెండు నెలలైనా ఊపిరాడుతుంది.